మింగేసిన గుండుపప్పు

హాజరు పుస్తకంలో ఆమెకి చక్కటి పేరే ఉంది. కానీ ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆ పేరు పెట్టి ఆమెని పిలిచిన మనిషి ఆ జీడిపప్పు కార్ఖానాలో లేడు. అందరికీ ఆమె రేడియో. కట్టెయ్యడానికి మీట లేని రేడియో అని మేస్త్రి వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేవాడు. ఆ మీట విరగ్గొట్టింది తామేనన్న సంగతి మాత్రం మరిచిపోయాడు. మేస్త్రి ఉద్యోగానికి ఆమాత్రం మతిమరుపు ఉండాలి కాబోలు.

రేడియోగా మారకముందు ఆమె ఎంత తక్కువ మాట్లాడేదంటే, కాపురానికి వచ్చిన మూడో వారంలో అత్తగారు వియ్యపురాలిని పక్కకి పిలిచి, "ఏమీ అనుకోకండి, మీ అమ్మాయికి మాటలు వచ్చా?" అని అడిగింది. వచ్చని తల్లి ఒట్టేసి చెప్పింది. అత్తగారు నమ్మలేదు. భర్తకి నమ్మాల్సిన అవసరమే పడలేదు. ఆయన కలప అడితీలో రాత్రి కాపలా. పగలంతా పడుకుంటాడు, ఆమె పనినుంచి వచ్చేసరికి లేచి కర్ర పట్టుకుని బయల్దేరతాడు. వాళ్ళ సంసారంలో అన్నిటికన్నా పొడవైన సంభాషణ గుమ్మం దగ్గర జరుగుతుంది. "గొళ్ళెం వేసుకో," అంటాడాయన. "ఊఁ," అంటుందామె.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఒలుపు హాల్లో కూర్చోబెట్టారు.

జీడిపప్పు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. లోకంలో చాలా గింజలు బుద్ధిగా పండు లోపల దాక్కుంటాయి. జీడిగింజ అలాంటిది కాదు, పండు కింద బయటికి వేలాడుతూ, నన్ను కోసుకోండి అన్నట్టు ఉంటుంది. తీరా కోసి పెంకు కొడితే అందులో ఉన్న నూనె చేతులు పొక్కిస్తుంది. దాన్ని ఉడికించి, పెంకు పగలగొట్టి, బోర్మా అనే వేడిగదిలో ఎండబెట్టి, పైనున్న ఎర్రటి పొట్టుని చిన్నకత్తితో గీరి ఒలిస్తే అప్పుడు తెల్లటి పప్పు బయటపడుతుంది. విరక్కుండా వస్తే దాని పేరు గుండు, రెండుగా చీలితే బద్ద. గుండుకి గాజు సీసా, రంగు కాగితం, పెద్దవాళ్ళ ఇళ్ళు. బద్ద బతుకు బద్దదే. ఇంత తతంగమూ చేసే ఆడవాళ్ళు ఒక్క పప్పు కూడా నోట్లో వేసుకోకూడదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నలభైమంది కూర్చుని పప్పు ఒలుస్తుంటే ఎవరు నములుతున్నారో కనిపెట్టడం ఎలా? పాత యజమాని ఈ ప్రశ్న మీద రెండు నెలలు మథనపడి ఒక చట్టం కనిపెట్టాడు. మాట్లాడే నోరు నమలలేదు. కాబట్టి ఒలుపు హాల్లో ఎవరూ నోరు మూసుకుని కూర్చోకూడదు. కబుర్లు చెప్పండి, పాటలు పాడండి, పోట్లాడుకోండి, ఏదో ఒకటి చెయ్యండి. రెండు నిమిషాలు నోరు మెదపని మనిషి దొంగ. ఈ కనిపెట్టుడుకి తనకి ఏ బిరుదూ రాలేదని ఆయన చివరిదాకా బాధపడ్డాడు.

మొదటిరోజు మధ్యాహ్నానికి ఆమె రెండు వందల పప్పులు ఒలిచింది. ఒక్క మాటా మాట్లాడలేదు. పొద్దున తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. రెండు వందల ఒకటోది గుండుగా, నున్నగా, పొట్టు మచ్చ లేకుండా ఊడి అరచేతిలో పడింది. ఇన్ని ఒలిచాం, ఇది ఎలా ఉంటుందో అనుకుంది. అనుకుంటూనే నోట్లో వేసుకుంది. ఇంకా పన్ను ఆనించలేదు.

"ఏయ్ కొత్తమ్మాయ్! నోరు మెదపట్లేదేంటి? ఏం నములుతున్నావ్?" మేస్త్రి అరిచాడు.

ఆమె గుటుక్కున మింగేసింది. గుండుపప్పు గొంతులో గీసుకుంటూ దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఉద్యోగమే కాదు, పరువు కూడా ఆ గుమ్మంలోనే పోతుంది.

"ఏం లేదండీ. మా తోడికోడలు..."

"ఏం చేసింది మీ తోడికోడలు?"

ఆమెకి తోడికోడలు లేదు. భర్త ఒక్కగానొక్క కొడుకు.

"నా చీర కట్టుకుని వాళ్ళ పుట్టింటికెళ్ళిపోయిందండీ."

నలభై కత్తులు ఆగిపోయాయి. "చెప్పకుండానే?" అంది ఒకావిడ. "కొత్త చీరా?" అంది ఇంకొకావిడ. పక్కన కూర్చున్న, నాలుగేళ్ళు పెద్దదైన ఆవిడ అయితే, ఆ కళ్ళనీళ్ళు చూసి, మర్నాడు తన చీర ఒకటి మడతపెట్టి తెచ్చి ఒళ్ళో పెట్టింది. "ఏడవకే. నేను నీకు వదినలాంటిదాన్ని," అంది. ఆ రోజునుంచి ఆవిడ వదిన, ఈమె రేడియో. ఒక గుండుపప్పుని దాచడానికి ఒక తోడికోడలు పుట్టింది.

పుట్టిన తోడికోడలు ఊరికే ఉంటుందా? పాలలో నీళ్ళు కలిపింది. అత్తగారి కళ్ళజోడు దాచింది. మామగారికి రేడియోమీద చాడీలు చెప్పింది. రేడియో తన సొంత బతుకు గురించి చెప్పుకుందామని ఒకసారి ప్రయత్నించింది గానీ అది గంటన్నరలో అయిపోయింది. తోడికోడలు మాత్రం ముప్పై ఒక్కేళ్ళూ జీడిపాకంలా సాగింది. కనింది, పెంచింది, కడుపుకి ఆపరేషను చేయించుకుంది, కోలుకుని మళ్ళీ పాలలో నీళ్ళు కలిపింది. హాల్లో నలభైమందికీ సొంత ఆడపడుచులూ అత్తలూ ఉన్నారు, కానీ అందరూ కలిసి తిట్టుకోవడానికి ఉన్నది ఆ తోడికోడలే. ఒకసారి వదినకి పట్టలేని కోపం వచ్చి, "ఆదివారం మీ ఇంటికొస్తున్నా, దాన్ని నాలుగు తగిలిస్తే గానీ నాకు అన్నం సహించదు," అంది. రేడియో ఆ సాయంత్రానికల్లా తోడికోడలి భర్తకి వేరే ఊరు బదిలీ చేయించి, సామాన్లు లారీకి ఎక్కించి పంపేయాల్సి వచ్చింది. మళ్ళీ రెండేళ్ళకి గానీ రప్పించలేదు.

మొదట్లో ఆమె భయంతో మాట్లాడింది. తర్వాత అలవాటుతో మాట్లాడింది. ఆ తర్వాత ఎప్పుడో, మాట్లాడటం అంటే తనకి ఇష్టమని ఆమెకే తెలిసింది. చేతులు కూడా నాలుకతో పాటే నడవడం నేర్చుకున్నాయి. మాటకొక గీరు, వాక్యానికొక గుండు. ఆమె పళ్ళెంలో బద్ద కనబడితే మేస్త్రి ఫొటో తీయించాలనేవాడు. ఆ పప్పు రుచి మాత్రం ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఎవరింట్లో పెట్టినా ఏరి పక్కన పెట్టేసేది. నోటిదాకా తెస్తే చాలు, ఆ మొదటిరోజు మింగినది గొంతులో అడ్డం పడేది. దొంగ అనే మాట ఎవరూ ఆమెని అనలేదు. తనకి తనే అనుకునేది.

పాత యజమాని పోయాక కొడుకు వచ్చాడు. అతన్ని చిన్నయజమాని అనేవారు. మంచివాడే, కాస్త చదువు ఎక్కువ. సరుకు పైదేశాలకి అమ్మాలని బయల్దేరాడు. కొనేవాళ్ళు శుభ్రతకి ఒక పత్రం కావాలన్నారు. పత్రం కావాలంటే తనిఖీ జరగాలి, తనిఖీ నెగ్గాలంటే పద్ధతులు మారాలి. జుట్టుకి వలటోపీ, మూతికి మాస్కు, కూర్చోవడానికి స్టీలు బల్ల ముందు స్టూలు వచ్చాయి. అన్నిటికన్నా పైన, గోడమీద ఎర్రక్షరాల బోర్డు వచ్చింది. మాట్లాడరాదు.

మాట్లాడితే పప్పుమీద తుంపరలు పడతాయట. ముప్పై ఏళ్ళుగా పడ్డ తుంపరలు తిన్నవాళ్ళంతా ఏమయ్యారని ఎవరూ అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి మరి.

"తనిఖీ ఇంకా ఇరవై రోజులుంది," అన్నాడు చిన్నయజమాని అందరినీ నిలబెట్టి. "ఇవాళ్టినుంచే అలవాటు చేసుకోండి. తనిఖీ రోజు ఎవరి గొంతు వినబడినా సరే, వాళ్ళు ఆ రోజే స్టూలు దిగి ఇంటికెళ్ళిపోవచ్చు. ఇది ఇల్లు కాదు, ఫ్యాక్టరీ." ఎవరి గొంతు అంటున్నప్పుడు మాత్రం ఒక్కరివైపే చూశాడు.

"అమ్మా రేడియో, నా భయమంతా నీ గురించే," అన్నాడు మేస్త్రి తర్వాత, పక్కకి పిలిచి. మాట్లాడకపోతే దొంగవని ముప్పై ఏళ్ళ కిందట అరిచిన నోటితోనే అన్నాడు.

ఇక్కడ ఇంకో అన్యాయం కూడా ఉంది. బోర్డు వచ్చేనాటికి తోడికోడలి కథ మంచి పట్టుమీద ఉంది. మామగారి వీలునామా బీరువాలో పెట్టి తాళం వేసింది, ఆ తాళంచెవి కనబడటం లేదు. పోగొట్టుకుందా, కావాలని దాచిందా? కథ అక్కడ ఆగిపోయింది. మొదటిరోజే వదిన బల్ల కింద కాలితో తన్నింది. "ఒక్క ముక్క చెప్పవే. దొరికిందా?" అంది గుసగుసగా. మేస్త్రి దగ్గాడు. రేడియో తల దించుకుంది.

మాట ఆగిపోగానే చేతులూ ఆగిపోయాయి. కత్తి పెట్టిన చోటల్లా పప్పు టప్పుమని రెండయ్యేది. సాయంత్రానికి ఆమె పళ్ళెం నిండా బద్దలే. రెండోరోజూ అంతే, నాలుగోరోజూ అంతే. "ఇలా విరగ్గొడితే తనిఖీదాకా ఎందుకు, ఈ వారమే పంపిస్తారు," అన్నాడు మేస్త్రి. మాట్లాడితే స్టూలు పోతుంది, మాట్లాడకపోతే పప్పు విరిగి స్టూలు పోతుంది. ఇంట్లో మాట్లాడి చేతులకి ఊపు తెచ్చుకుందామని ఆదివారం మధ్యాహ్నం కూరగాయలు తరుగుతూ తోడికోడలి సంగతి ఎత్తుకుంది. లోపల పడుకున్న భర్త ఉలిక్కిపడి లేచి, కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఇంట్లోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరు. నేనే."

"నువ్వా!" అని ఆయన కర్ర కిందికి దించాడు. పెళ్ళాం గొంతు ఆయన గుర్తుపట్టలేదు. ఆయన తప్పు కూడా కాదు. ఆమె మాట్లాడే ఇల్లు ఇది కాదు, ఆ హాలు. ఆ స్టూలు పోతే తను మళ్ళీ గుమ్మం దగ్గర ఊఁ అనే మనిషిగా మిగిలిపోతుంది. అది తల్చుకుంటే ఆమెకి నిజంగా భయం వేసింది, పప్పు మింగిన రోజు కన్నా ఎక్కువగా.

ఉపాయం సోమవారం తట్టింది. మూతిమీద మాస్కు ఉందిగా! దాని వెనక గొంతు లేకుండా పెదాలతో కథ చెప్పుకోవచ్చు. చెప్పుకుంది. తోడికోడలు మంచం కింద వెతికింది, గీరు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది, గీరు. పని మనిషిమీద నింద వేసింది, గుండు! సాయంత్రానికి పళ్ళెం మళ్ళీ గుండుపప్పుతో నిండింది. వదిన మాత్రం తాళం సంగతి తెలియక రోజురోజుకీ చిక్కిపోతోంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. తెల్లకోటు వేసుకున్న మేడమ్, చేతిలో అట్టకి తగిలించిన కాగితాలు. పక్కన చిన్నయజమాని, వెనక మేస్త్రి. శుక్రవారానికి మొదటి కంటైనరు నింపాలి కాబట్టి బల్లలమీద పప్పు కుప్పలుగా ఉంది. హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కత్తుల గీరుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. చిన్నయజమాని మొహం వెలిగిపోతోంది.

మేడమ్ ఒక్కొక్క బల్లే దాటుకుంటూ వచ్చి రేడియో ముందు ఆగింది. మాస్కు కదులుతోంది. కిందికీ పైకీ, కిందికీ పైకీ.

"ఈవిడ ఏదో నములుతున్నారు," అంది మేడమ్.

చిన్నయజమాని మొహంలో దీపం ఆరిపోయింది. "పెద్దమ్మా! ఏం నములుతున్నావ్?"

ముప్పై ఒక్కేళ్ళ తర్వాత అదే ప్రశ్న. రేడియో గోడమీది బోర్డు చూసింది. ఏమీ నమలడం లేదని చెబితే మాట్లాడినట్టు, చెప్పకపోతే నమిలినట్టు. తండ్రి చట్టం ప్రకారం మాట్లాడనివాళ్ళు దొంగలు, కొడుకు చట్టం ప్రకారం మాట్లాడినవాళ్ళు ఇంటికి. రెండు చట్టాలూ కలిసి ఒక ముసలి మనిషి మూతిమీద నిలబడ్డాయి.

ఆమె కత్తి కింద పెట్టింది. మాస్కు కిందికి లాగి, నోరు తెరిచింది.

మేడమ్ చిన్న లైటు వేసి లోపలికి చూసింది. పప్పు లేదు, పొట్టు లేదు, చెప్పాలంటే పళ్ళు కూడా లేవు. పైవరస ఎప్పుడో పోయింది. కట్టించుకున్న సెట్టు గుచ్చుకుంటోందని ఇంట్లో స్టీలు గ్లాసులో వదిలేసి వస్తుంది.

"నమలడానికి పళ్ళే లేవు," అని మేడమ్ కాగితంమీద ఏదో రాసుకుంది.

ప్రాణం లేచొచ్చిన చిన్నయజమానికి ఔదార్యం కూడా లేచొచ్చింది. పళ్ళెంలోంచి అన్నిటికన్నా పెద్ద గుండు ఏరి చెంచాతో ఆమె చేతిలో వేశాడు. "తిను పెద్దమ్మా. మా దగ్గర పనిచేసేవాళ్ళకి ఏ లోటూ ఉండదు మేడమ్. వాళ్ళు తిన్నాకే మేం తింటాం." మేస్త్రి కూడా, తను రోజూ ఇలా పంచుతున్నట్టే నవ్వాడు.

ఆమె ఆ పప్పుని కాసేపు చూసింది. తర్వాత నోట్లో వేసుకుంది. నాలుకతో అంగిటికి అదిమిపెట్టింది. పళ్ళు లేవు కాబట్టి తొందర లేదు. ముప్పై ఎనిమిదిమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, వదిన అయితే స్టూలుమీంచి సగం లేచింది. పప్పు మెల్లగా మెత్తబడి పిండిలా నాలుకమీద పరుచుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగింది మేడమ్, మర్యాదకి.

"తలూపు పెద్దమ్మా, తలూపితే చాలు," అన్నాడు చిన్నయజమాని గబగబా, బోర్డువైపు కళ్ళతో చూపిస్తూ.

తలూపితే సరిపోయేది. స్టూలు దక్కేది. కానీ ఆమెకి ఏదో కోపం పొంగుకొచ్చింది, ఎవరిమీదో ఆమెకే తెలియదు.

"చప్పగా ఉంది," అంది.

హాల్లో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు.

"చప్పగా ఉందండీ. ఏ రుచీ లేదు. మొదటిరోజు ఒకటి మింగేశాను, నమలకుండా మింగేశాను. అది ఎంత బావుండేదో, ఎంత పెద్ద పాపం చేశానో అని ముప్పై ఒక్కేళ్ళు ఏడ్చాను. దీనికా? దీనికోసమా నాచేత ఇన్నేళ్ళు వాగించారు? దీన్ని దాచుకోడానికా లేని తోడికోడల్ని పుట్టించి, పాపం దానిచేత చెయ్యని పని లేకుండా చేయించాను?"

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. చిన్నయజమాని దొంగతనం గురించి ఏదో అనబోయాడు. ఆ మాట ఎవరికీ వినబడలేదు, ఎందుకంటే వదిన పూర్తిగా లేచి నిలబడింది.

"ఏంటీ? నీకు తోడికోడలు లేదా?"

"లేదు వదినా."

"మరి నేనిచ్చిన చీర?"

అంతే, హాలు హాలంతా లేచింది. "దాని ఆపరేషనప్పుడు నేను రెండు రోజులు అన్నం తిన్లేదు!" అని ఒకావిడ. "దాన్ని చూసి మా కోడల్ని అనుమానించాను కదే!" అని ఇంకొకావిడ. మాస్కులు కిందికి జారిపోయాయి. తుంపరల సంగతి చెప్పక్కర్లేదు. ఎర్రక్షరాల బోర్డు కింద నలభై నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. చిన్నయజమాని ఒకసారి వాళ్ళవైపూ, ఒకసారి బల్లమీద ఒలవాల్సిన కుప్పలవైపూ చూశాడు. శుక్రవారం కంటైనరు తలుపు మూసేలోపు నలభైమందినీ ఇంటికి పంపే మార్గం ఆయన చదువులో ఎక్కడా లేదు. నోరు మూసుకుని ఊరుకున్నాడు. తన చట్టాన్ని ఆ హాల్లో పాటించింది ఆయనొక్కడే.

రేడియోకి ఇదేమీ కనబడటం లేదు. కళ్ళనిండా నీళ్ళు. స్టూలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది. ఇంక తను నోరు తెరిస్తే వినేదెవరు? ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒక్కొక్కరే మాస్కు పైకి లాక్కున్నారు. ఆమెవైపు ఎవరూ చూడలేదు. వదిన కూడా కూర్చుని, పళ్ళెం విసురుగా దగ్గరికి లాక్కుని కత్తి తీసుకుంది. ఒకటి గీరింది, విరిగింది. ఇంకోటి గీరింది, అదీ విరిగింది.

"లేకపోతే లేదు గానీ," అంది వదిన తలెత్తకుండా, "ఆ తాళం దొరికిందా లేదా?"

కత్తులన్నీ ఆగిపోయాయి. గుమ్మందాకా వెళ్ళిన మేడమ్ కూడా కలం మూత పెట్టి అక్కడే నిలబడింది.

రేడియో నోట్లో మిగిలిన పప్పు మింగింది. ఈసారి గొంతులో ఏమీ గీసుకోలేదు. కుప్పలోంచి ఒక పప్పు తీసుకుని కత్తి ఆనించింది.

"దొరక్కేం వదినా! ఎక్కడ పెట్టిందో తెలుసా, నువ్వు నాకిచ్చిన చీర మడతలో."

పొట్టు ఊడింది. పప్పు గుండుగా వచ్చింది.